మిద్దె మీద పార్టీ, పిల్లోళ్ల చేతిలో గ్లాసు: కర్నూలులో పదే పదే అడిగే ప్రశ్నలు

ఫేర్‌వెల్ సీజను, ఎండాకాలం సెలవులు, వినాయక చవితి, డిసెంబరు 31. ఏడాదిలో ఈ నాలుగు సార్లు నా ఫోను మోగే తీరే వేరు. కాలనీ సంఘం పనులు చూస్తాను, మిద్దె మీద రెండు గదులు స్టూడెంట్లకు అద్దెకిస్తాను, అందుకని ఇటు తల్లిదండ్రులూ అటు ఓనర్లూ, నిద్రపట్టని పెద్దవాళ్లూ, అప్పుడప్పుడు పార్టీ చేసుకునే కుర్రాళ్లూ నన్నే అడుగుతారు. అడిగేవి మాత్రం అవే. వాయిస్ మెసేజులు పెట్టి పెట్టి విసుగొచ్చి ఇక్కడ రాసి పెడుతున్నా. నేను లాయర్ని కాదు, మా వీధిలో ఉండే లాయరు గారితో కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసుకున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, మొత్తం చదవనక్కర్లేదు.

## మొదట వయసు సంగతి

18 నిండాయి, ఓటు కూడా వచ్చింది. ఇంక తాగొచ్చు కదా?

లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మందు అమ్మాలంటే కొనేవాడికి 21 ఏళ్లు ఉండాలి. ఓటుకు 18, బండి లైసెన్సుకు 18, అమ్మాయి పెళ్లికి 18, మందుకు మాత్రం 21. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రాష్ట్ర ఎక్సైజ్ చట్టం 1968 నాటిది, షాపువాడైనా బారువాడైనా దాని కిందే లైసెన్సు తెచ్చుకుంటాడు. "వాడు పెద్దోడిలా ఉన్నాడు సార్, అందుకే ఇచ్చా" అంటే కుదరదు, అనుమానం వస్తే ఆధార్ అడగాల్సిన బాధ్యత అమ్మేవాడిదే.

మరి 18కీ 21కీ తేడా ఏంటి? రెండూ తప్పే కదా?

రెండూ తప్పే, కానీ బరువులో చాలా తేడా ఉంది. 18 దాటి 21 నిండని కుర్రాడి విషయంలో ఎక్సైజ్ చట్టం అమ్మేవాణ్ణి పట్టుకుంటుంది. 18 లోపు పిల్లలైతే అక్కడ జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 వస్తుంది. దాని 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు మందు ఇచ్చినవాళ్లకు, ఇప్పించినవాళ్లకు ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. "ఇప్పించినవాళ్లు" అన్న మాట గుర్తు పెట్టుకోండి. నేను పోయలేదు, డబ్బులు మాత్రమే ఇచ్చా అనేవాడు కూడా అందులోకే వస్తాడు.

బీరు కూడా మందేనా? కల్లు మంచిదంటారు కదా?

బీరు మందే. బ్రీజరూ మందే. ఈత కల్లు కూడా చట్టం దృష్టిలో మత్తు పానీయమే, "ఒంటికి చలువ" అని మా తాత చెప్పినంత మాత్రాన పదిహేనేళ్ల పిల్లాడికి ముంతలో పోసివ్వడం కుదరదు. బర్త్‌డే పార్టీల్లో "బీరే కదన్నా" అన్న మాట నేను లెక్కలేనన్ని సార్లు విన్నా.

మా ఇంట్లో, మా పిల్లోడికి, నేనే ఒక పెగ్గు పోస్తే ఎవరికి నష్టం? బయట ఎక్కడో తాగేకంటే ఇంట్లో నయం కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, కొంచెం భయపడ్డ తండ్రులు. కానీ 18 లోపు పిల్లాడికి ఇవ్వడంలో చట్టం అమ్మానాన్నలకు మినహాయింపు ఇవ్వలేదు. ఉన్న మినహాయింపు ఒక్కటే, అర్హత ఉన్న డాక్టరు రాస్తే. ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు మీ వాడికే పోశాననుకుంటారు, వాడి పక్కన ఇద్దరు స్నేహితులు కూర్చుని ఉంటారు, వాళ్లు వేరే ఇంటి పిల్లలు. వాళ్ల నాయన రేపు మీ గేటు దగ్గరికొచ్చి నిలబడితే "మా ఇంట్లోనే కదా" అన్న మాట అక్కరకు రాదు.

కార్పొరేషన్‌లో పార్టీలకు ప్రత్యేకంగా రూల్ బుక్ ఏమైనా ఉందా?

కొన్ని దేశాల్లో ఊరి మున్సిపాలిటీయే ఇంట్లో పిల్లల తాగుడు పార్టీల మీద విడిగా చట్టం చేసి, ఇల్లు ఇచ్చినవాడికి జరిమానా వేస్తుంది. మన దగ్గర అలా ఒకే చోట దొరకదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. వయసుకు ఎక్సైజ్ చట్టం, పిల్లలకు జువెనైల్ జస్టిస్ చట్టం, సౌండుకు 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు, వీధిలో అల్లరికి పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితా, దాంతోపాటు 1889 నాటి టౌన్ న్యూసెన్స్ చట్టం. అవును, 1889. మన ముత్తాతల కాలంలో పుట్టిన ఆ చట్టం పేరు స్టేషన్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

## పార్టీ పెట్టుకునే ముందు

ఇంట్లో ఫంక్షనుకు మందు పెట్టాలంటే పర్మిషన్ తీసుకోవాలా?

నలుగురు పెద్దవాళ్లు కూర్చుని ఇంట్లో తాగడం వేరు, ఫంక్షన్ హాల్లోనో తోటలోనో షామియానా వేసి రెండొందల మందికి పోయడం వేరు. రెండోదానికి ఎక్సైజ్ శాఖ దగ్గర ఒక్కరోజు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. హాలు మాట్లాడుకునేటప్పుడే అడగండి, "అవన్నీ మేం చూసుకుంటాం సార్" అంటే కాగితం చూపించమనండి. ఇంకోటి, తలా ఐదొందలు వసూలు చేసి "అన్‌లిమిటెడ్" అని పెడితే అది పార్టీ కాదు, లైసెన్సు లేని అమ్మకం. కుర్రాళ్లకు ఇది అస్సలు తట్టదు, ఖర్చు పంచుకుంటున్నాం అనుకుంటారు. నలుగురు రూమ్మేట్లు పంచుకోవడం వేరు, ఇన్‌స్టాలో పోస్టరు వేసి క్యూఆర్ కోడ్ పెట్టడం వేరు.

అలంపూర్ చౌరస్తా అవతల నుంచో, బళ్లారి నుంచో తెస్తే చౌక కదా?

మన ఊరికి ఇదొక శాపం. తుంగభద్ర దాటితే తెలంగాణ, ఆదోని, ఆలూరు వైపు పోతే కర్ణాటక. అక్కడి టెట్రా ప్యాకెట్లు ఇక్కడి పల్లెల్లో ఎలా తిరుగుతాయో అందరికీ తెలుసు. పక్క రాష్ట్రం సరుకుకు మన రాష్ట్రంలో సుంకం కట్టి ఉండదు, పర్మిట్ లేకుండా తెస్తే ఎక్సైజ్ కేసు. సీసాలు పోతాయి, తెచ్చిన బండి కూడా పోతుంది. బండి ఎవరి పేరు మీద ఉంది? ఎక్కువగా నాయన పేరు మీద.

షాపుకు మా తమ్ముణ్ణి పంపి తెప్పించుకుంటే? వాడు తాగడు కదా

తాగకపోయినా తప్పే. 18 లోపు పిల్లల చేత మందు మోయించడం, అమ్మించడం జువెనైల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్ కిందికి వస్తుంది, శిక్ష ఏడేళ్ల దాకా, జరిమానా లక్ష దాకా. సాయంత్రం నల్ల కవరు పట్టుకుని సైకిలు మీద వచ్చే పిల్లాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సీసా కావాల్సింది మీకైతే మీరే పోండి.

డీజేకి పర్మిషన్ ఎవరిస్తారు?

పోలీసు శాఖ. ముందుగా మీ స్టేషన్లో అర్జీ పెట్టుకోవాలి, వాళ్లు పై అధికారికి పంపి రాతపూర్వకంగా ఇస్తారు. స్పీకరు మన మిద్దె మీదే ఉన్నా ఇదే పద్ధతి, నోటి మాట పర్మిషన్ కాదు. అర్జీలో తేదీ, వేళ, చోటు, ఎవరు బాధ్యులు అన్నది స్పష్టంగా రాయండి. ఆసుపత్రి, స్కూలు, కోర్టు చుట్టూ వంద మీటర్ల లోపు నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉంటే అక్కడ అడిగి ప్రయోజనం లేదు.

మిద్దె అద్దెకిచ్చా. పైన వాళ్లు తాగితే నాకేం సంబంధం?

నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నా. కొన్నేళ్ల కింద పైన ఇద్దరు ఇంటర్ పిల్లలు, ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఉండేవాళ్లు. ఒకరోజు సాయంత్రం ఏడు గంటలకు పెద్దవాడు రెండు కవర్లతో మెట్లెక్కుతున్నాడు, సీసాలు ఒకదానికొకటి తగిలిన చప్పుడు నాకు వినబడింది. "బర్త్‌డే అంకుల్" అన్నాడు. సరేలే అనుకుని టీవీ ముందు కూర్చున్నా. ఒంటిగంటన్నరకు తలుపు దబదబా కొట్టారు. పైకి పోయి చూస్తే పదిహేడేళ్ల పిల్లాడు సింటెక్స్ ట్యాంకుకు ఆనుకుని కూలబడి ఉన్నాడు, చొక్కా అంతా కక్కుడు, చేతులు చల్లగా ఉన్నాయి, పక్కన ఒకడు వాడి నోట్లో మజ్జిగ పోస్తున్నాడు. 108 వచ్చింది, పిల్లాడు బతికాడు. తెల్లారి వాళ్ల నాయన ఆదోని వైపు పల్లె నుంచి వచ్చాడు, గేటు లోపలికి రాలేదు. "మీరు కిందనే ఉంటిరి కదా సార్" అన్నాడు అంతే. ఆ సీసాల చప్పుడు సంగతి నేను ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.

చట్టం సంగతికొస్తే, ఏమీ తెలియని ఓనరును ఎవరూ జైల్లో వేయరు. తెలిసి చోటిస్తే, చూసీ చూడనట్టు ఊరుకుంటే, ప్రోత్సహించినట్టు అవుతుందా లేదా అన్న ప్రశ్న మీ మెడకు చుట్టుకుంటుంది, జువెనైల్ జస్టిస్ చట్టంలో ప్రోత్సహించినవాడికీ చేసినవాడి శిక్షే. గంజాయి అయితే ఇంకా గట్టిది, తెలిసి తన చోటు వాడుకోనిచ్చినవాడికి మత్తు పదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 25వ సెక్షనే విడిగా ఉంది. అగ్రిమెంటులో రెండు వాక్యాలు రాయించుకోండి: గదిలో, మిద్దె మీద మందు, మత్తు పదార్థాలు కుదరవు, పది తర్వాత సౌండు కుదరదు. పిల్లల తల్లిదండ్రుల నంబర్లు తీసుకోండి. మిద్దె తలుపు తాళం మీ దగ్గరే ఉంచుకోండి, ఎండాకాలం పడుకోవడానికి అడిగితే ఇవ్వండి.

మా అమ్మాయి ఫ్రెండ్ బర్త్‌డే అంటోంది, నైట్ అక్కడే ఉంటుందట. ఏం అడగాలి?

అమ్మాయిని కాదు, ఆ ఇంటి పెద్దవాళ్లను అడగండి, ఫోన్లోనే. రాత్రి ఇంట్లో పెద్దవాళ్లు ఉంటారా, ఎవరెవరు వస్తున్నారు, ఎన్నింటికి అయిపోతుంది. అడగడానికి మొహమాటం పడతారు, అడిగితే ఏమీ అనుకోరు, నిజానికి అవతలి తల్లి కూడా ఎవరైనా అడిగితే బాగుండు అనుకుంటూ ఉంటుంది. మీ అమ్మాయితో ఒక ఒప్పందం పెట్టుకోండి: ఎన్ని గంటలైనా సరే, ఇబ్బందిగా అనిపిస్తే ఫోన్ చేస్తే చాలు, నేను వచ్చి తీసుకెళ్తా, ఆ రాత్రి ఒక్క ప్రశ్న కూడా వేయను. మాట ఇచ్చాక నిజంగానే వేయకండి. ప్రశ్నలు మర్నాడు అన్నం తిన్నాక.

డిసెంబరు 31న అన్నీ ఫ్రీ కదా? గవర్నమెంటే టైం పెంచుతుంది

టైం పెంచుతూ ఆర్డరు వస్తే అది షాపుకూ బారుకూ, మీ మిద్దెకు కాదు. వయసు 21 ఆ రోజు కూడా 21. టపాకాయలకు సుప్రీంకోర్టు 2018లో పెట్టిన వేళ కొత్త సంవత్సరానికి 11:55 నుంచి 12:30 దాకా, అంటే ముప్పై ఐదు నిమిషాలు. రాజ్‌విహార్ సెంటర్ వైపు బండ్లు తీసుకుని తిరిగే పిల్లలకు ఒక మాట, ఏడాది మొత్తంలో బ్రెత్ ఎనలైజర్లు ఎక్కువగా రోడ్డు మీదికొచ్చేది ఆ రాత్రే.

## పార్టీ నడుస్తున్నప్పుడు

రాత్రి పది తర్వాత కొంచెం తగ్గించి పెట్టుకోవచ్చా?

లౌడ్‌స్పీకరు, డీజే అయితే తగ్గించడం కాదు, ఆపేయాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మూసిన హాలు లోపల తప్ప బయట వాడకూడదు, మిద్దె అంటే బయటే. పండగలకు పన్నెండు దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అది కూడా ఏడాదికి 15 రోజులు మించకుండా, మీ బావమరిది ఎంగేజ్‌మెంటు ఆ లెక్కలోకి రాదు.

ఇంట్లో సొంత సౌండ్ సిస్టమ్ సంగతి: ఇళ్ల మధ్య ఉండాల్సిన పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మీ కాంపౌండ్ గోడ దగ్గర మీ సిస్టమ్ దానికంటే 5 మించి ఎక్కకూడదు. మనుషులు మామూలుగా మాట్లాడుకునేదే 60 దగ్గర ఉంటుంది, కాబట్టి 45 అంటే ఎంత తక్కువో ఊహించుకోండి. ఫోన్లో యాప్ పెట్టి కొలిస్తే సాక్ష్యానికి పనికిరాదు గానీ, గోడ దగ్గర నిలబడి చూసుకుంటే మనకే సిగ్గేస్తుంది. పైగా మన ఊళ్లో మార్చి నుంచి జూన్ దాకా సగం మంది మిద్దెల మీదే పడుకుంటారు. మధ్యలో గోడ ఉండదు, కిటికీ ఉండదు, మీ పాట నేరుగా వాళ్ల దిండు మీదికే పోతుంది.

పిలవనివాళ్లు కూడా వచ్చేశారు. ముప్పై మందికి చెప్తే ఎనభై మంది అయ్యారు, ఏం చేయాలి?

లొకేషన్ స్టేటస్‌లో పెట్టి ఉంటారు, ముందు అది తీసేయండి. తర్వాత పాట ఆపి లైట్లన్నీ వేయండి, సగం మంది వాళ్లంతట వాళ్లే జారుకుంటారు. గేటు దగ్గర పెద్దవాళ్లు ఒకరు నిలబడాలి, మీ మామో బాబాయో, కుర్రాళ్లు నిలబడితే అక్కడే గొడవ మొదలవుతుంది. మాట వినకపోతే 112కు మీరే ఫోన్ చేయండి. పార్టీ పెట్టినవాడే ఫోన్ చేస్తే పోలీసులు చూసే తీరు వేరుగా ఉంటుంది, పక్కింటివాళ్లు చేశాక మీరు ఎన్ని చెప్పినా అది సంజాయిషీ కిందే పోతుంది.

ఒకడు పడిపోయాడు. నిమ్మకాయ నీళ్లు, మజ్జిగ తాపితే దిగిపోతుందా?

దిగదు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం పోయేది ఎక్కువగా అలాగే. వేలు పెట్టి కక్కించకండి, చన్నీళ్లు గుమ్మరించకండి, కాఫీ వద్దు, "పడుకుంటే సరిపోతుంది" అని గదిలో ఒంటరిగా వదిలేయడం అన్నిటికంటే ప్రమాదం. తాగడం ఆపాక కూడా కడుపులో ఉన్న మందు రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది.

పక్కకు తిప్పి పడుకోబెట్టండి, పై మోకాలు ముందుకు మడిచి, తల కింద చెయ్యి పెట్టి, నోరు కిందికి ఉండేలా. పిలిచినా గిచ్చినా లేవకపోతే, ఊపిరి నిమిషానికి ఎనిమిది కంటే తక్కువగా ఉంటే, మధ్యలో పది సెకన్లు ఆగిపోతుంటే, పెదాలు నీలంగా మారితే, ఒళ్లు చల్లబడితే, ఫిట్స్ వస్తే, వెంటనే 108. ఇందులో ఒక్కటి ఉన్నా చాలు, రెండోదానికి ఎదురుచూడొద్దు. పిల్లల్లో రక్తంలోని చక్కెర ఉన్నట్టుండి పడిపోతుంది, అది ఇంట్లో తెలియదు. ఎంత తాగాడు, ఏం కలిపాడు, ఎప్పుడు మొదలుపెట్టాడు అన్నది అంబులెన్సువాళ్లకు దాచకుండా చెప్పండి, వీలైతే సీసా కూడా ఇవ్వండి.

108కి ఫోన్ చేస్తే పోలీసు కేసు అవుతుంది కదా అన్నా, అందుకే భయం

ఆసుపత్రివాళ్లు పోలీసులకు తెలియజేయొచ్చు, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ వైద్యం మొదలయ్యేది దానికి ముందే, కేసు తేలేదాకా ఎవరూ సెలైన్ ఆపరు. తాగిన పిల్లాణ్ణి కాదు, పోసినవాణ్ణి వెతుకుతారు. మా మిద్దె మీద ఆ రాత్రి ఫోన్ చేయడానికి ఆ పిల్లలు నలభై నిమిషాలు ఆలోచించారట, దేని గురించి అనుకున్నారు, అచ్చం ఈ ప్రశ్న గురించే.

ఇల్లు దగ్గరే, కల్లూరు దాకే, బండి మీద పోతే ఏమవుతుంది?

దగ్గరే అని బయలుదేరినవాళ్లే నంద్యాల చెక్‌పోస్టు దగ్గర డివైడర్లకు గుద్దుకుంటారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే చాలు, మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. నడిపినవాడు మైనరైతే ఇంకా పెద్ద కథ: బండి ఓనరుకో తల్లిదండ్రులకో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తాళాలన్నీ ఒక గిన్నెలో వేసి వంటింట్లో పెట్టండి, ఆటోకు రెండొందలు మీరే ఇవ్వండి.

## పక్కింట్లో ఉన్నవాళ్లకు

ఎవరికి ఫోన్ చేయాలి? నా పేరు బయటికొస్తే రేపు మొహాలు ఎలా చూసుకోవాలి?

ముందు వీలైతే ఒకసారి మనిషిని పంపి చెప్పించండి. నా లెక్కలో ఎక్కువ గొడవలు అక్కడే ఆగిపోతాయి, అందులోనూ ఆడవాళ్లు వెళ్లి "పిల్లోడికి రేపు పరీక్ష ఉంది నాయనా" అంటే ఇంకా తొందరగా. ఆగకపోతే 112. వీధి, దగ్గరి గుర్తు, సౌండు ఎప్పటి నుంచి ఉంది, లోపల పిల్లలు తాగుతున్నట్టు మీకు కనబడిందా అన్నది చెప్పండి, కనబడనిది చెప్పకండి. మీ నంబరు వాళ్ల దగ్గర నమోదవుతుంది, "నా పేరు అక్కడ చెప్పొద్దు సార్" అని అడగండి, మామూలుగా చెప్పరు. చిన్నపిల్లలు ప్రమాదంలో ఉన్నారనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు కూడా చేయొచ్చు.

వీడియో తీసి కాలనీ గ్రూపులో పెట్టా, తప్పా?

తీయడం వరకు సరే, పోలీసులకు చూపించండి. గ్రూపులో పెట్టడం మాత్రం తప్పు, వెంటనే డిలీట్ చేయండి. 18 లోపు పిల్లలు ఇలాంటి వ్యవహారంలో ఉన్నప్పుడు వాళ్ల మొహం, పేరు, స్కూలు, అడ్రసు తెలిసేలా ఏ రూపంలోనూ బయటపెట్టకూడదు, ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉంది. లోకల్ యూట్యూబ్ చానెల్‌కు పంపేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. తాగినవాడి కేసు ఏమవుతుందో గానీ వీడియో తీసినవాడు ఇరుక్కోవడం కొత్తేమీ కాదు.

ప్రతి నెలా ఇదే ఇల్లు, ఇదే గోల. 112 వాళ్లు వచ్చి పోతారు, మళ్లీ మామూలే

అప్పుడు ఫోన్లతో పని కాదు, కాగితం కావాలి. తేదీలు, వేళలు ఒక నోటుబుక్కులో రాసుకోండి, ఐదారు ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టి స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంటి ఓనరు వేరే ఊళ్లో ఉంటే ఆయనకు కాపీ పంపండి, చాలాసార్లు దాంతోనే తెమిలిపోతుంది, ఎందుకంటే ఆయనకు అద్దె తప్ప ఇంకేమీ తెలియదు. దానికీ లొంగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇవ్వొచ్చు. న్యూసెన్స్ ఆపమని షరతుతో ఉత్తర్వు ఇచ్చే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఉంది, ఇది పాత సీఆర్‌పీసీలో 133వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితాలో 152. కొంచెం తిరగాల్సి వస్తుంది, ఓపిక ఉండాలి.

## పోలీసులు వచ్చాక

పోలీసులు తలుపు కొట్టారు. లోపలికి రానివ్వాలా?

సౌండ్ ఫిర్యాదు మీద వచ్చినవాళ్లు ఎక్కువగా గేటు దగ్గరే మాట్లాడి ఆపించి వెళ్లిపోతారు. పెద్దవాళ్లు బయటికి పోయి మర్యాదగా మాట్లాడండి, పాట అప్పటికే ఆగిపోయి ఉండాలి. సౌండ్ బాక్సులు తీసుకెళ్తే రసీదు అడగండి. నేరం జరుగుతోందని కారణం ఉంటే వారెంటు లేకుండా సోదా చేసే దారులు చట్టంలో ఉన్నాయి, అందుకని తలుపుకు అడ్డం నిలబడి లా పాయింట్లు తీసే పని వద్దు. పేరు, హోదా అడగండి, ఏమేం తీసుకున్నారో రాయించుకోండి, ఏదైనా తప్పుగా జరిగిందనుకుంటే మర్నాడు లాయరు ద్వారా మాట్లాడండి. మిద్దెల మీద నుంచి దూకి పారిపోవడం మాత్రం వద్దు, కాలు విరగ్గొట్టుకున్నవాణ్ణి చూశాను.

మా వాడికి పదహారేళ్లు, స్టేషనుకు తీసుకెళ్లారట. లాకప్‌లో వేస్తారా?

వేయకూడదు. 18 లోపు పిల్లల్ని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదని చట్టమే చెప్తుంది, తల్లిదండ్రులకు కబురు పెట్టాలి, పిల్లల వ్యవహారాలు చూసే అధికారి మాట్లాడాలి. చిన్నచిన్న తప్పులకు పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టరు, వివరాలు రాసుకుని అప్పగిస్తారు. మీరు పోయేటప్పుడు టెన్త్ సర్టిఫికెట్ తీసుకెళ్లండి, వయసుకు మొదట చూసేది అదే. స్టేషన్లో అందరి ముందు వాణ్ణి కొట్టకండి. కొడితే పోలీసుల దగ్గర మార్కులు పడతాయనుకుంటారు చాలామంది నాయనలు.

19 ఏళ్లోడికి న్యూసెన్స్ కేసు పెట్టారు. ఫైన్ కట్టేస్తే అయిపోతుంది కదా?

పబ్లిక్ న్యూసెన్సుకు జరిమానా వెయ్యి రూపాయల దాకా. తాగి వీధిలో అల్లరి చేస్తే 24 గంటల దాకా సాధారణ జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా సమాజ సేవ. డబ్బు చిన్నదే. కానీ కోర్టులో నేరం ఒప్పుకుని ఫైను కట్టడం అంటే శిక్ష పడినట్టే రికార్డవుతుంది, రేపు కానిస్టేబుల్ పరీక్షకో పాస్‌పోర్టుకో దరఖాస్తులో కేసులు ఉన్నాయా అని అడిగినప్పుడు రాయాల్సి వస్తుంది. సంతకం పెట్టే ముందు ఒక్కసారి లాయరుకు చూపించండి. డబ్బులు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు.

ఇది మొదటిసారి కాదు సార్, మా వాడు వారానికి రెండుసార్లు తాగుతున్నాడు. ఎవరికి చెప్పుకోవాలి?

బంధువులకు కాదు. 14446 మత్తు అలవాటు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్, 14416 మనసు బాగోలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్, రెండింటికీ డబ్బు కట్టక్కర్లేదు. మన పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుని నేరుగా పోవచ్చు. మొదటి రోజే వాడు రాడు. రాకపోతే మీరు పోయి మాట్లాడి రండి, అలా వెళ్లొచ్చిన తల్లులు ఇద్దరు మా వీధిలోనే ఉన్నారు.

అంతా అయిపోయింది, కేసూ లేదు. కానీ పక్కింటావిడ మాట్లాడటం లేదు, ఏం చేయాలి?

మర్నాడు పొద్దున్నే, ఆవిడ ముగ్గు వేయడానికి బయటికి రాకముందే, చీపురు పట్టుకుని పోండి. వీధిలో గాజు పెంకులు, ప్లాస్టిక్ గ్లాసులు ఆవిడ గడప దాకా వచ్చి ఉంటాయి, వాటిని మీ పిల్లాడి చేతే ఎత్తించండి. "పెద్దమ్మా, రాత్రి తప్పయిపోయింది" అన్న మాట వాడి నోటి నుంచే రావాలి, మీరు వెనక నిలబడితే చాలు. మొదటి రెండు రోజులు ఊ అంటుందంతే. మూడో రోజు ఉగ్గాని బజ్జీ చేసి గిన్నెతో పంపండి. ఆవిడ గిన్నె తిరిగి పంపేటప్పుడు ఖాళీగా పంపదు.